దేవుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు

2 ఫిబ్రవరి 2025, ఆదివారం

కుర్రాడు వచ్చాడు. ఆరడుగుల మూడంగుళాలు. గుమ్మంలో తల వంచి లోపలికొచ్చాడు. ఎంత మర్యాదస్తుడో చూడు అని మా ఆయన మోజెస్ మురిసిపోయాడు. మర్యాదా పాడా, వంచకపోతే నుదురు పగులుతుంది.

పేరు ఎలియట్ మార్స్‌డెన్. ఇంగ్లాండ్‌లో యార్క్‌షైర్. వయసు ఇరవై ఆరు. ఫుట్‌బాల్ ఆడటమే ఉద్యోగం. ఈ సీజన్‌కి డబ్లిన్‌కి గంట దూరంలోని మా ఊరి మిడ్‌లాండ్ అథ్లెటిక్ వాళ్ళు తీసుకున్నారు. ఆ క్లబ్ సెక్రటరీ వాళ్ళమ్మ నేను నర్సుగా పనిచేసే వృద్ధుల నర్సింగ్ హోమ్‌లోనే ఉంటుంది. పోర్ట్‌లీష్‌లో గదులు దొరకడం లేదు, మీ ఇంట్లో ఒకటి ఇస్తారా అని పోయిన వారం డ్యూటీలో ఉండగా అడిగాడాయన. ఇంటికెళ్ళి మా ఆయన్ని అడుగుతానన్నాను. మోజెస్ మాట పూర్తికాకముందే సరేనన్నాడు. పరదేశికి చోటివ్వాలట. ఇరవై ఏళ్ళుగా పరదేశులం మనమే, అది ఈయనకి గుర్తులేదు.

మేడ మీద బాక్స్ రూమ్ ఇచ్చాం, ఇంట్లో అన్నిటికంటే చిన్న గది. మంచం చాల్లేదు, కాళ్ళు బయటికి వస్తున్నాయి. చివర కుర్చీ వేసి దాని మీద దిండు పెట్టాను. మా అమ్మాయి అబిగేయిల్‌కి సిగ్గుతో ప్రాణం పోతోంది. పదిహేనేళ్ళ పిల్ల, ఈ సంగతి స్కూల్లో తెలిస్తే తన బతుకు అయిపోయినట్టే అని ఇంగ్లీషులో గొణిగింది. సాయంత్రానికి తనే అందరికీ మెసేజ్ పెట్టేసింది.

మిసెస్ అని పిలుస్తున్నాడు. ఆంటీ అనమన్నాను.

9 ఫిబ్రవరి, ఆదివారం

పప్పుచారు గ్లాసులో పోసుకుని తాగేస్తున్నాడు. అన్నం వద్దట, బరువు చూసుకోవాలట. తర్వాత రెండు ప్లేట్లు తిన్నాడు.

భోజనాల దగ్గర మోజెస్ అతని చరిత్రంతా లాగాడు. తొమ్మిదేళ్ళకి పెద్ద క్లబ్ అకాడమీలో చేరాడట. పద్దెనిమిదేళ్ళకి వద్దన్నారట. మేనేజర్ గదిలో ఐదు నిమిషాలు మాట్లాడి పంపేశారు, వాళ్ళమ్మ బయట కారులో కూర్చుని ఉంది. తర్వాత నాలుగో డివిజన్. అక్కడ్నించి ఇంకో క్లబ్‌కి లోన్ మీద పంపారట. మనిషిని కూడా లోన్ ఇస్తారని నాకు ఇప్పుడే తెలిసింది. తర్వాత ఐదో డివిజన్. తర్వాత ఇక్కడికి. ఇక్కడ పద్దెనిమిది మ్యాచ్‌లు ఆడితే వచ్చే ఏడాదికి కాంట్రాక్ట్ దానంతటదే పొడిగిస్తారు. ఆడకపోతే ఇంటికెళ్ళి బావ దగ్గర టైల్స్ పని.

సెంటర్ బ్యాక్ అంటే ఏం చేస్తావు బాబూ అని మోజెస్ అడిగాడు. గాల్లో మనవైపు వచ్చే ప్రతి బంతినీ ముందు తనే తలతో కొట్టాలట. గోల్ వేసినవాడి పేరు పేపర్లో వస్తుంది, డిఫెండర్ పేరు ఎక్కడా రాకపోతే బాగా ఆడినట్టట. ఆ మాట నాకు భలే నచ్చింది. మా పనీ అంతే. డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్‌లో చెప్పడానికి ఏమీ లేకపోతే ఆ రోజు నర్సు బాగా పనిచేసినట్టు. చెప్తే నవ్వాడు. ముందు పళ్ళు రెండు పెట్టుడు పళ్ళు.

14 ఫిబ్రవరి, శుక్రవారం

మొదటి మ్యాచ్. సున్నా సున్నా. కప్పు గెలిచినట్టు వచ్చాడు ఇంటికి.

2 మార్చి, ఆదివారం

ఈ వారం కుటుంబ ప్రార్థన మా ఇంట్లో. గుమ్మం దగ్గర ముప్పై జతల చెప్పులు. ఎలియట్ మెట్ల మీద నించి తొంగిచూసి వెనక్కి పోబోతుంటే పున్నయ్య అంకుల్ చెయ్యి పట్టుకుని కిందికి లాక్కొచ్చారు. సంఘంలో పెద్ద ఆయన. బాపట్లలో హెడ్మాస్టరుగా చేసి కూతురి దగ్గరికి వచ్చి ఉంటున్నారు. ఎవర్నయినా రెండో నిమిషంలో ఏరా అనేస్తారు, ఇంగ్లీషువాడైనా సరే.

మధ్యలో కూర్చోబెట్టి అందరం ప్రార్థన చేశాం. కాళ్ళకి, మోకాళ్ళకి, కాంట్రాక్ట్‌కి, పేరు పేరునా. తెలుగు ఒక్క ముక్క అర్థం కాదు కదా, అయినా కళ్ళు తుడుచుకున్నాడు. తన కోసం ఇంతమంది ఎప్పుడూ ఏమీ అడగలేదని తర్వాత కిచెన్‌లో నాతో అన్నాడు. వాళ్ళ నాన్న చిన్నప్పుడే వెళ్ళిపోయాడట. వాళ్ళమ్మ జూలీ ఒక స్కూల్లో పిల్లలకి భోజనం వడ్డిస్తుంది. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది.

చికెన్ కర్రీ మిగలలేదు.

15 మార్చి, శనివారం, ఉదయం 6:20

నిన్న మ్యాచ్‌లో కార్నర్ బంతికి ఇద్దరు ఎగిరారట. అవతలివాడి తల వచ్చి ఎలియట్ చెవి పైన తగిలింది. అవతలివాడికి రక్తం కారింది కాబట్టి అందరూ వాడి చుట్టూ చేరారు. ఇతనికి చుక్క రాలేదు. ఫిజియో వచ్చి స్కోరెంత, ఏ హాఫ్ అని అడిగితే కరెక్టుగానే చెప్పాడట. చెప్పేముందు స్కోర్‌బోర్డు చూశాను అని రాత్రి నాతో అన్నాడు. చివరి వరకూ ఆడాడు.

ఇంటికొచ్చి కిచెన్ సింక్‌లో కక్కాడు. రెండుసార్లు. టార్చ్ తెచ్చి కళ్ళు చూశాను. పాపలు సమానంగానే ఉన్నాయి. ఇవాళ ఏ వారం అంటే బుధవారం అన్నాడు.

పద ఎమర్జెన్సీకి అని కోటు వేసుకున్నాను. అప్పుడు అంత మనిషీ నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఇంగ్లాండ్‌లో మూడుసార్లు ఇలాగే అయిందట. ఇంకోసారి తగిలితే ఆట మానెయ్యాలని పోయిన ఏడాది అక్కడి స్పెషలిస్ట్ కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితం ఇక్కడి క్లబ్‌కి చూపించలేదు. ఆసుపత్రికి వెళ్తే క్లబ్ డాక్టరుకి తెలుస్తుంది, తెలిస్తే అక్కడితో సరి. తొమ్మిదేళ్ళప్పటి నుంచి ఇదొక్కటే చేశాను ఆంటీ, నాకు ఇంకేం రాదు అన్నాడు. ఎవరికీ చెప్పనని మాటివ్వమన్నాడు.

ఇచ్చాను. ఏడుస్తున్న పిల్లవాడికి ఇంకేం చేస్తాం.

గంటకోసారి లేపి చూశాను. తెల్లారింది. నిద్రపోతున్నాడు, ఊపిరి బాగానే ఉంది. నాకు ఎనిమిదింటికి డ్యూటీ.

15 మార్చి, రాత్రి 8:40

ఇవాళ డ్యూటీలో ఒక పెద్దావిడ బాత్రూమ్‌లో జారి కింద కూర్చుంది. తొంభై ఒక్క ఏళ్ళు. తల తగిలిందో లేదో ఎవరూ చూడలేదు. ఎవరూ చూడకపోతే తగిలిందనే అనుకోవాలి, అది రూల్. అరగంటకోసారి కళ్ళు, బీపీ, మాట చూసి రాశాను. ఫారం నింపాను. జీపీ డాక్టరుకి ఫోన్ చేశాను, కూతురికి ఫోన్ చేశాను. మా మేనేజర్ నా రాత చూసి మెచ్చుకుంది.

ఇంట్లో ఉన్నవాడికి ఏ ఫారం లేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. కానీ మాట మాటే కదా.

16 మార్చి, ఆదివారం

దేవుడికి చెప్తే చెప్పినట్టు కాదు. బాగా ఆలోచించే ఈ నిర్ణయానికి వచ్చాను.

మా సంఘానికి ప్రార్థన విన్నపాలు అని వాట్సాప్ గ్రూప్ ఉంది. పోర్ట్‌లీష్ నుంచి ఆడమ్స్‌టౌన్ దాకా, డ్రోహెడా దాకా మనవాళ్ళు నలభై రెండు మంది. అందులో సగం మంది నర్సులు, మిగతా సగంలో సగం ముసలివాళ్ళని చూసుకునే కేరర్లు. రెండు నిమిషాల వాయిస్ నోట్ పెట్టాను. పేరు చెప్పలేదు, మా ఇంట్లో ఉంటున్న బిడ్డ అన్నాను. తలకి దెబ్బ, వాంతులు, తలనొప్పి, ఇది నాలుగోసారి, బయటికి తెలిస్తే ఉద్యోగం పోతుంది, భారంతో ప్రార్థించండి అన్నాను. ఎవరికీ తెలియకూడదు అని నలభై ఒక్క మందికి చెప్పాను.

గంటలో ముప్పై ఆమేన్‌లు. చేతులు జోడించిన బొమ్మలు. పున్నయ్య అంకుల్ శుక్రవారాలు ఉపవాసం ప్రకటించారు.

రోజీ మాత్రం ఫోన్ చేసింది. డబ్లిన్‌లో తల ఆపరేషన్లు చేసే చోట ఐసీయూ నర్సు. తెనాలిలో మా పక్క వీధి పిల్ల. ఎన్నిసార్లు కక్కాడు, వెలుతురు చూడగలుగుతున్నాడా, స్కాన్ తీశారా అని గబగబా అడిగింది. తియ్యలేదన్నాను. తీయించు అక్కా అంది. మాటిచ్చానే అన్నాను. సరే అక్కా, నేను కూడా ఉపవాసం ఉంటాలే అంది. ఇంకో పది నిమిషాలు వాళ్ళ ఇంటి లీజు గొడవ మాట్లాడుకున్నాం.

ఫోన్ పెట్టేశాక మనసు తేలికయింది. అబద్ధం ఎందుకు రాయాలి, నిజంగానే తేలికయింది.

23 మార్చి, ఆదివారం

మొన్న శుక్రవారం కూడా ఆడాడు. గెలిచారు.

పాలు కనిపించలేదు పొద్దున. చూస్తే తువ్వాళ్ళు పెట్టే వెచ్చటి అల్మారా, హాట్ ప్రెస్‌లో ఉంది పాల క్యాన్. అబిగేయిల్ నవ్వలేదు. ఎలియట్ ఇంట్లో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంటున్నాడు, నా పేరు రెండుసార్లు మర్చిపోయాడు అని ఇంగ్లీషులో చెప్పింది. నువ్వు నర్సువి కదా మమ్మీ అంది. క్లబ్‌కి ఫోన్ చెయ్యి, లేకపోతే నేను చేస్తాను అంది.

నేను కోప్పడ్డాను. పెద్దవాళ్ళ విషయాల్లో వేలు పెట్టకు, అందరం ప్రార్థన చేస్తున్నాం, నీకంటే తెలిసినవాళ్ళు ఇరవై మంది ఉన్నారు అన్నాను. ఫోన్ చేస్తే అతని బతుకు నువ్వు నాశనం చేసినట్టే అని కూడా అన్నాను. తెల్లబోయి చూసింది. ఈ పిల్లకి మొండితనం నా పోలికే.

30 మార్చి, ఆదివారం

ఇక్కడ మదర్స్ డే. వాళ్ళమ్మకి పొద్దున్నే ఫోన్ చేసి, నాకు పసుపు పచ్చ పూల కట్ట తెచ్చిచ్చాడు ఎలియట్. ఇరవై ఏళ్ళలో నాకెవరూ పూలు ఇవ్వలేదిక్కడ. మోజెస్ వంక చూశాను. ఆయన కిటికీలోంచి వాన చూస్తున్నాడు.

మధ్యాహ్నం పున్నయ్య అంకుల్ నూనె సీసా పట్టుకుని వచ్చారు. ఎలియట్‌ని కుర్చీలో కూర్చోబెట్టి, నుదుటికి రాసి, తల మీద రెండు చేతులూ పెట్టి అరగంట ప్రార్థన చేశారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, చెమటలు పట్టేశాయి. ఎలియట్ కళ్ళు తెరిచి నొప్పి లేదన్నాడు. నిజంగానా అంటే నిజంగానే అన్నాడు. కళ్ళద్దాలు తీసేశాడు.

నేను కింద కూర్చుని ఏడ్చేశాను. నా గుండెల మీద బరువు దిగింది.

6 ఏప్రిల్, ఆదివారం

వారం రోజులుగా నొప్పి లేదు. ఇవాళ ఆరాధనలో సాక్ష్యం చెప్పాను. మైకు పట్టుకుని అంతా చెప్పాను, తలకి దెబ్బ తగిలినప్పటి నుంచి నూనె రాసేదాకా. హాలంతా చప్పట్లు. చివర్లో రోజీ వచ్చి నన్ను కౌగలించుకుంది. మూడు వారాలుగా నిద్ర పట్టలేదక్కా, ఇవాళ పడుకుంటాను అంది.

ఎలియట్‌ని కూడా నిలబడమన్నారు. సిగ్గుపడుతూ నిలబడి చెయ్యి ఊపాడు.

11 ఏప్రిల్, శుక్రవారం, సాయంత్రం 5:30

డ్యూటీ నుంచి వచ్చేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులతో తల పట్టుకుని, మోకాళ్ళలో ముఖం పెట్టుకుని. నన్ను చూసి లేచాడు. గ్రాండ్ ఆంటీ, గ్రాండ్ అన్నాడు. ఇక్కడికొచ్చి అందరూ నేర్చుకునే మొదటి మాట అదే, బాగానే ఉన్నానని.

నొప్పి మళ్ళీ వచ్చిందా అని అడగాలి. నోటిదాకా వచ్చింది. అడగలేదు.

ఎందుకు అడగలేదో రాస్తాను, ఇది ఎవరూ చదవరు కాబట్టి. ఐదు రోజుల క్రితం మైకు పట్టుకుని బాగయ్యాడని చెప్పింది నేను. సాక్ష్యం చెప్పాక వెనక్కి తీసుకునే పద్ధతి మాలో లేదు. ఇప్పుడు స్కాన్‌కి తీసుకెళ్తే నాకు విశ్వాసం చాలనట్టు, లేకపోతే అబద్ధం చెప్పినట్టు. పున్నయ్య అంకుల్ ముఖం ఎలా చూడాలి. ఆయన ఏమీ అనరు, పాపం. మిగతావాళ్ళూ అనరు. ఇంటికెళ్ళి అనుకుంటారు.

ఒక టీ ఇచ్చి, రెండు పారాసెటమాల్ ఇచ్చాను. ఐదింటికి మ్యాచ్‌కి వెళ్ళాడు. ఇప్పటికి తొమ్మిది అయ్యాయట, సరిగ్గా సగం.

18 ఏప్రిల్, గుడ్ ఫ్రైడే, మధ్యాహ్నం 4:30

పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన. సిలువ మీది ఏడు మాటల్లో మోజెస్‌కి నాలుగోది వచ్చింది, ఎప్పట్లాగే ఎక్కువసేపు మాట్లాడాడు. ఉపవాసం విరిచి ఇప్పుడే ఇంటికొచ్చాం.

ఎలియట్ కిచెన్‌లో అరటిపండు తింటున్నాడు. ఈ సాయంత్రం ఇక్కడే మ్యాచ్. ఇవాళ మీకు పండగా అని అడిగాడు. పండగ కాదు, ప్రభువు చనిపోయిన రోజు అని చెప్పాను. రెండు నిమిషాలాగి మళ్ళీ అదే అడిగాడు. మళ్ళీ చెప్పాను.

వెళ్ళేముందు ప్రార్థన చేస్తావా అన్నాడు. నాకు అందడానికి తల వంచి నిలబడ్డాడు. చేశాను. వెళ్ళకు అనాలనిపించింది. ఇదిగో, ఇప్పుడు కూడా అనిపిస్తోంది, అతన్ని ఎక్కించుకున్న కారు ఇంకా వీధి చివరే ఉంది. అబిగేయిల్ స్నేహితులతో మ్యాచ్ చూడ్డానికి వెళ్తోంది, కనీసం మనవాళ్ళొకరు అక్కడుంటారు.

19 ఏప్రిల్, శనివారం, ఉదయం 7:00

డెబ్బయ్యో నిమిషం. ఎవరూ అతన్ని గుద్దలేదు. మామూలు బంతి, గోల్‌కీపర్ కొట్టింది, ఎక్కడో మధ్యలో. ఎగిరి తలతో కొట్టాడు. కింద దిగాడు. నాలుగడుగులు నడిచాడు. కూర్చున్నాడు. తర్వాత పడుకున్నాడట, అలిసిపోయి పడుకున్నట్టు. జనం నవ్వారట ముందు.

ఇదంతా అబిగేయిల్ ఫోన్‌లో చెప్పింది. అరవలేదు. నిదానంగా చెప్పింది, పోలీసులకి చెప్పినట్టు. ఒక కంటి పాప పెద్దదయిందని అంబులెన్స్ వాళ్ళు అనుకుంటుంటే విన్నానంది. దాని అర్థం ఏంటి మమ్మీ అని అడిగింది. నాకు తెలుసు. చెప్పలేదు.

డబ్లిన్‌కి తీసుకెళ్ళారు. తల తెరిచారు. ఐసీయూలో అతన్ని అందుకున్నది రోజీ. డ్యూటీలో ఉంది. నేను నిలబడి ఉన్న చోటికి వచ్చింది, మాస్కు తియ్యలేదు. లోపల కొత్త రక్తం మాత్రమే కాదట. పాత రక్తం కూడా ఉందట. నాలుగైదు వారాల కిందటిది, కొంచెం కొంచెంగా కారుతూ ఉంది. స్కాన్ తీసి ఉంటే కనిపించేది అని సర్జన్ అన్నాడట. అంతవరకు చెప్పి లోపలికెళ్ళిపోయింది. అక్కా అనలేదు.

మోజెస్ కారు నడుపుతూ దారంతా పెద్దగా ప్రార్థన చేశాడు. నోరు మూసుకోమన్నాను. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ మాట ఎప్పుడూ అనలేదు.

20 ఏప్రిల్, ఈస్టర్

ఆరాధనకి వెళ్ళలేదు.

పున్నయ్య అంకుల్ ఫోన్ చేశారు. గొంతు పోయింది ఆయనకి. అమ్మా లీలా, నా చేతులు చూసుకుంటుంటే భయంగా ఉందమ్మా అన్నారు. కాసేపు ఇద్దరం ఏడ్చాం. తర్వాత నెమ్మదిగా అన్నారు, ఆ వాయిస్ నోట్ తీసెయ్యమని. నర్సులు చాలామంది ఉన్నారు, వాళ్ళ పిల్లలున్నారు, తెలిసీ చెప్పలేదని రిజిస్ట్రేషన్లు పోతాయి, సంఘానికి చెడ్డపేరు అని. ఆయన చెప్పింది తప్పు కాదు.

గ్రూప్ తెరిచాను. అప్పటికే నలభై రెండులో పదిహేడు మంది వెళ్ళిపోయారు. శుక్రవారం రాత్రి నుంచి పెట్టిన ఆమేన్‌లు ఒక్కొక్కటిగా మాయమవుతున్నాయి, ఈ మెసేజ్ తొలగించబడింది, ఈ మెసేజ్ తొలగించబడింది అని. ఈస్టర్ పూట అందరూ కూర్చుని అదే పని చేస్తున్నారు.

నా వాయిస్ నోట్ తీసేద్దామంటే అవలేదు, నెల కిందటిది, పాతదైపోయింది. మోజెస్ గ్రూప్ మొత్తాన్నే తీసేశాడు. అడ్మిన్ ఆయనే.

24 ఏప్రిల్, గురువారం

ఎలియట్ వాళ్ళమ్మ జూలీ నాలుగు రోజులుగా మా ఇంట్లోనే ఉంటోంది. కొడుకు గదిలో, ఆ మంచం మీదే. దుప్పటి మార్చబోతే వద్దంది, వాడి వాసన ఉందంది.

చిన్న మనిషి. ఊరికే కూర్చోదు. నా గిన్నెలన్నీ తోమేస్తోంది. మీరంతా వాడి కోసం ప్రార్థన చేశారని ఫోన్‌లో చెప్పేవాడు, తల్లిలా చూసుకున్నారు, మీ రుణం ఎలా తీర్చుకోను అని నా చేతులు పట్టుకుంది. చెయ్యి లాక్కున్నాను. స్టవ్ మీద ఏదో మాడుతోందని చెప్పాను. స్టవ్ వెలిగించే లేదు.

మధ్యాహ్నం లీగ్ తరపున ఒకాయన వచ్చాడు. ఆటగాళ్ళ భద్రత చూసే ఆఫీసరట. మంచివాడు. ఇంట్లో ఎప్పుడైనా తలనొప్పి, వాంతులు, మతిమరుపు గమనించారా అని అడిగాడు. మీరు నర్సు కాబట్టి ప్రత్యేకంగా అడుగుతున్నాను అన్నాడు. పక్కన జూలీ కూర్చుని ఉంది. అబిగేయిల్ మెట్ల మీద ఉంది.

లేదన్నాను.

ఆయన రాసిన కాగితం మీద సంతకం పెట్టాను.

అబిగేయిల్ పైకెళ్ళి తలుపు వేసుకుంది. భోజనానికి రాలేదు.

2 మే, శుక్రవారం

ఎలియట్ కళ్ళు తెరిచాడు. ఊపిరి తనంతట తను తీసుకుంటున్నాడు. జూలీ సంతోషంతో కారిడార్‌లో అందరికీ చాక్లెట్లు పంచింది.

నేను ఆ కళ్ళు చూశాను. మా నర్సింగ్ హోమ్‌లో అలాంటి కళ్ళు మూడు జతలున్నాయి. రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, పొట్టలోకి గొట్టంతో పాలు, నోరు తుడవడం. వాళ్ళకి ఎనభై దాటాయి. ఇతని గుండె గట్టిది, ఆటగాడి గుండె. నలభై ఏళ్ళు కొట్టుకుంటుంది ఇలాగే. డాక్టర్లు ఇంకా ఆమెకి చెప్పలేదు. నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

సాయంత్రం టీ తాగుతూ జూలీ నాతో చెప్పింది. ఇంగ్లాండ్ స్పెషలిస్ట్ రాసిన కాగితం తను చదివిందట. ఓడ ఎక్కించడానికి కారు నడిపింది తనేనట. క్లబ్‌కి ఆ కాగితం పంపిద్దామని కవరు కూడా రాసి, మళ్ళీ చింపేసిందట. వాడు ఎంతో బతిమాలాడు, తల్లిని కదా అంది. లోకంలో ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే, నేనొక్క ఫోన్ చేసుంటే సరిపోయేది, నా బిడ్డని నేనే ఇలా చేశాను అంది. ఏడవకుండా చెప్పింది. రోజూ రాత్రి పడుకునేముందు ఆ మాటే అనుకుంటుందట.

నేను టీలో ఇంకో చెంచా పంచదార వేశాను. థూ, నా బతుకు.

6 మే, మంగళవారం

అబిగేయిల్ ఇవాళ నాతో మాట్లాడింది, పన్నెండు రోజుల తర్వాత. తెలుగులో మాట్లాడింది. ఆ ఆంటీకి చెప్తావా, నన్ను చెప్పమంటావా అని అడిగింది.

మోజెస్ బతిమాలాడు. మనం ఒక్కళ్ళమే కాదు లీలా, రోజీకి ఇద్దరు చంటిపిల్లలు, అందరి అన్నం దీనితో ముడిపడి ఉంది, దేవుడి దగ్గర ఒప్పుకుందాం, చాలదా అన్నాడు. దేవుడికి మొదటిరోజే చెప్పాను, ఏమయింది అన్నాను. చెడ్డవాడు కాదు మా ఆయన. భయస్తుడు. నేనూ అంతే.

రోజీకి ఫోన్ చేశాను. జూలీకి చెప్పబోతున్నానని, ముందుగా తనకి చెప్పాలనిపించిందని అన్నాను. అతన్ని రోజూ పక్కకి తిప్పేది నేనే అంది. సరే చెప్పు అంది.

10 మే, శనివారం, ఉదయం 5:40

నిన్న చెప్పాను. ఆసుపత్రి క్యాంటీన్‌లో. నీకొక్కదానికే కాదు జూలీ, మాకూ తెలుసు, నాతో కలిపి నలభై రెండు మందికి తెలుసు అన్నాను.

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. బ్యాగులోంచి పెన్ను, పాత కవరు ఒకటి తీసింది. పేర్లు చెప్పమంది. ఒక్కొక్కటీ ఎలా రాయాలో అడిగి రాసుకుంది. చాలాసేపు పట్టింది.

అయ్యాక కవరు నావైపు తిప్పి, పెన్ను నా చేతికిచ్చింది. నర్సులెవరో టిక్ పెట్టమంది.

ముందు నా పేరుకి పెట్టాను.